లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కొనబోతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

కాలేజీ లైబ్రరీకి సాఫ్ట్‌వేర్ కొనే ఆలోచనలో ఉన్న తోటి లైబ్రేరియన్లందరికీ ఈ హెచ్చరిక. ఇంకా కోపం చల్లారలేదు, వరుస తప్పితే సర్దుకుని చదువుకోండి. కంపెనీ పేరు రాయడం లేదు. రాయనక్కరలేదు కూడా. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వస్తోందన్న సంగతి మనకంటే ముందే ఎవరికి తెలుస్తుందో, డెమో అయ్యాక ప్రిన్సిపాల్ గదిలో స్వీట్ల పెట్టె పెట్టి వెళ్లేది ఎవరో మీకు తెలుసు. వాళ్లే.

నేపథ్యం పెద్దగా ఏమీ లేదు. మాది ఎయిడెడ్ డిగ్రీ కాలేజీ, 30 వేలకు పైగా పుస్తకాలు. నాక్ నివేదికలో 4.2.1 దగ్గర లైబ్రరీ ఆటోమేషన్ గురించి అడిగేవారు కదా, సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, పూర్తిగా జరిగిందా పాక్షికంగానా, ఏ సంవత్సరంలో అని. ఆ గడులు నింపడానికి కొన్నాం. నేను కమిటీలో ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి లైబ్రరీ సాఫ్ట్‌వేర్ సోల్ గురించి చెప్పాను, ఉచితంగా దొరికే కోహా గురించి చెప్పాను. "ఊరికే వచ్చేదానికి రేపు ఏదైనా అయితే బాధ్యత ఎవరిది?" అన్నారు కామర్స్ సార్. అందరూ తలలూపారు. కొటేషన్ల తులనాత్మక పట్టిక మీద అందరితోపాటు నేనూ సంతకం పెట్టాను. బాధ్యత తీసుకునేవాళ్లు ఎలా ఉంటారో ఇప్పుడు తీరిగ్గా చూస్తున్నాను.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఇష్యూ, రిటర్న్, బార్‌కోడ్, ఫైన్ రసీదు, అన్నీ వచ్చేవి. తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. పాత వెర్షన్‌కు ఇక సపోర్టు ఉండదట, అందరూ క్లౌడ్ వెర్షన్‌కు మారాలట, ఏటా చందా కట్టాలట. ఆ చందా మా లైబ్రరీ మొత్తం ఒక ఏడాదికి పత్రికలకు పెట్టే ఖర్చు కంటే ఎక్కువ. కొత్త ప్రిన్సిపాల్ గారు పుస్తకాలంటే ఇష్టం ఉన్న మనిషి. "మీరు మొదట చెప్పిన కోహాకే వెళదాం మేడమ్" అన్నారు. సంతోషించి, మా డేటా మాకు ఇవ్వమని కంపెనీకి మెయిల్ పెట్టాను. జవాబు లేదు. ఫోను చేస్తే సంబంధిత వ్యక్తి ఫీల్డులో ఉన్నారు. ఎప్పుడు చేసినా ఫీల్డులోనే ఉన్నారు. ఏ పంట వేశారో తెలియదు.

చివరికి ఒక ఎక్సెల్ ఫైలు వచ్చింది. దాన్ని తెరిచిన క్షణం గురించి కాస్త వివరంగా చెప్పాలి.

తెలుగు శాఖ పుస్తకాల దగ్గరికి వెళ్లాను. పుస్తకం పేరు ఉండాల్సిన గడిలో ఏడు ప్రశ్నార్థకాలు, కొంచెం ఖాళీ, మళ్లీ అయిదు ప్రశ్నార్థకాలు. రచయిత గడిలో పదకొండు ప్రశ్నార్థకాలు. కింది వరుసా అంతే, ఆ కిందిదీ అంతే. కావ్యాలు, శతకాలు, నాటకాలు, నవలలు, నిఘంటువులు అన్నీ ప్రశ్నార్థకాలే, లెక్కలోనే తేడా. మా తెలుగు సార్ వచ్చి కళ్లద్దాలు సవరించుకుని, "రెండు మాటలు, రెండోది చిన్నది, ఇది శతకమే అయి ఉంటుంది" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇలా ఎందుకు అవుతుందో మనలో చాలామందికి తెలుసు. డేటాను అన్ని భాషల అక్షరాలనూ భద్రపరిచే యూటీఎఫ్-8లో కాకుండా మామూలు సీఎస్‌వీగా దించితే తెలుగు అక్షరాలూ గుణింతపు గుర్తులూ ఒక్కొక్కటీ ఒక్కో ప్రశ్నార్థకం అయిపోతాయి. అలా దించిన ఫైలునే మళ్లీ ఎక్సెల్‌లో పెట్టి పంపారు. సాఫ్ట్‌వేర్ తెర మీద మాత్రం తెలుగు నిక్షేపంగా కనిపిస్తోంది. అంటే అసలు డేటా లోపల బాగానే ఉంది. సరిగ్గా దించి పంపడానికి పూట పట్టే పని కూడా కాదు.

ఐఎస్‌బీఎన్‌లదీ ఇదే కథ. పదమూడు అంకెల సంఖ్యను ఎక్సెల్ తన ఇష్టానుసారం కుదించి 9.78813ఇ+12 అని చూపిస్తుంది, అలాగే సీఎస్‌వీలో భద్రపరిస్తే మిగతా అంకెలు పోతాయి. మన దేశంలో అచ్చయ్యే పుస్తకాల ఐఎస్‌బీఎన్‌లు చాలావరకు 978-81తోనో 978-93తోనో మొదలవుతాయి కాబట్టి, కుదించాక వేరువేరు పుస్తకాలు ఎన్నో ఒకే నంబరుతో కనిపిస్తున్నాయి. ఇది చిన్న విషయం కాదు. కోహాలోకి రికార్డులు ఎక్కించేటప్పుడు ఒకే పుస్తకం రెండుసార్లు పడకుండా ఐఎస్‌బీఎన్‌తో సరిపోల్చే నియమం పెట్టుకుంటాం. ఈ ఫైలుతో ఆ నియమం పెడితే ఆర్గానిక్ కెమిస్ట్రీ, బ్యాంకింగ్, వృక్షశాస్త్రం ఒకే పుస్తకం అయి కూర్చుంటాయి.

పోనీ ప్రతులైనా సరిగ్గా ఉన్నాయా అంటే, ఒక పాఠ్యపుస్తకం పన్నెండు కాపీలు ఉంటే పన్నెండు వేరు పుస్తకాలుగా వచ్చాయి. సరైన లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో పుస్తకానికి ఒక రికార్డు, దాని కింద ఒక్కో ప్రతికి ఒక్కో యాక్సెషన్ నంబరు (లైబ్రరీలో చేరిన వరుస సంఖ్య) ఉంటాయి. మాకు అమ్మింది యాక్సెషన్ రిజిస్టరునే కంప్యూటర్లో ఎక్కించిన పట్టిక, అంతే. ముగ్గురు రచయితలు ఉన్న పుస్తకానికి మొదటి రచయిత మాత్రమే మిగిలాడు. మిగతా ఇద్దరూ ఫీల్డులో ఉన్నారేమో.

ఇదంతా పట్టిక వేసి మెయిల్ పెట్టి, ఫోను చేశాను. ఈసారి ఎత్తారు. అమ్మకానికి వచ్చినప్పుడు "మేడమ్ గారూ, మీరు అర్ధరాత్రి ఫోను చేసినా పలుకుతాం" అన్న అబ్బాయే. మాటలు దాదాపు ఇవే (మార్క్ 21 అంటే లైబ్రరీలు పుస్తకాల రికార్డులు ఇచ్చిపుచ్చుకునే ప్రామాణిక రూపం):

"తెలుగు పేర్లన్నీ పోయాయి బాబూ. యూటీఎఫ్-8లో మళ్లీ తీసి పంపండి. మార్క్ 21లో ఇస్తే మరీ మంచిది."

"డేటా మీదే మేడమ్, కాదనడం లేదు. ఫార్మాట్ మాది."

"నా డేటా నాకు చదవడానికి వీలుగా ఇవ్వాలి కదా?"

"చదువుకోవడానికి మా సాఫ్ట్‌వేర్ ఉంది కదా మేడమ్. మీరే వద్దంటున్నారు."

మార్క్ 21లో కావాలంటే రికార్డుకు 4 రూపాయలు, పైన జీఎస్టీ అన్నాడు. లెక్క వేసుకోండి. 30 వేల రికార్డులకు 1,20,000. దాని మీద 18 శాతం, 21,600. వెరసి 1,41,600 రూపాయలు. మీ కరపత్రంలో మార్క్ 21 సౌకర్యం ఉందని మొదటి పేజీలోనే వేశారు కదా అన్నాను. "ఉంది మేడమ్, లోపల ఉంది" అన్నాడు. లోపల!

సరే, డబ్బు సంగతి ప్రిన్సిపాల్ గారితో మాట్లాడతాను, కనీసం తెలుగు పేర్లు సరిచేసి ఇవ్వండి అని అడిగాను. అప్పుడు అన్నాడు. "తెలుగు పుస్తకాలు ఎన్ని ఉంటాయి మేడమ్? ఇప్పుడు అవి ఎవరు చదువుతున్నారు? సెలవుల్లో కూర్చుని చేత్తో కొట్టుకోండి. మీకూ కాస్త పని ఉన్నట్టు ఉంటుంది."

వెనక ఎవరో నవ్వారు.

నాకు వెంటనే నోరు పెగల్లేదు. ఇంటికి వచ్చాక నూరు జవాబులు తట్టాయి. ఆ డేటాలో ఒక్క అక్షరం కూడా ఆ కంపెనీ కొట్టింది కాదు. నేనూ, మా లైబ్రరీ అసిస్టెంటూ, డిగ్రీ పిల్లలు కొందరూ వేసవి సెలవుల్లో కరెంటు పోయి వస్తూ ఉంటే కూర్చుని ఎక్కించాం. పాత తెలుగు పుస్తకాల్లో కొన్నింటికి ముఖపత్రం చిరిగిపోయి ఉంటే, లోపలి పీఠిక చదివి పేరూ సంవత్సరమూ పట్టుకున్నాం. విషయాల వారీగా వర్గీకరించే డ్యూయీ నంబర్లు నేనే వేశాను. ఆ పని మొత్తాన్ని, నేను చేసిన పనిని, నాకే రికార్డుకు 4 రూపాయల చొప్పున అమ్మజూపుతున్నారు. అద్దె ఇల్లు ఖాళీ చేస్తుంటే మన బీరువాకు ఇంటి యజమాని ధర చెప్పినట్టు. పైగా నాకు పని లేదట. పరీక్షల ముందు నో డ్యూస్ కోసం నిలబడే వరుస అతను ఒక్కసారి చూస్తే బాగుండును.

నో డ్యూస్ అంటే గుర్తొచ్చింది. పంపిన ఫైలులో ఎవరి దగ్గర ఏ పుస్తకం ఉందన్న వివరం లేదు. అడిగితే అది ఎగుమతిలో భాగం కాదట. చివరి సంవత్సరం పిల్లలు టీసీలు తీసుకుని వెళ్లిపోయే కాలం ఇది. ప్రస్తుతానికి పాత సాఫ్ట్‌వేర్ తెర మీద ఒక్కో విద్యార్థి ఖాతా తెరిచి, కాగితం మీద రాసుకుంటున్నాం. ఇదీ మా పూర్తి ఆటోమేషన్.

డెమో రోజు ఏం జరిగిందో ఇప్పుడు అర్థమవుతోంది. "ఎగుమతి సౌకర్యం ఉందా?" అని నేను అడిగాను, నిజంగానే అడిగాను. అతను ఒక బటన్ నొక్కాడు, ఫైలు భద్రమైంది అని తెర మీద వచ్చింది, వెంటనే తర్వాతి అంశానికి వెళ్లిపోయాడు. ఆ ఫైలును తెరిచి చూపించమని గదిలో ఎవ్వరమూ అనలేదు. అందరి దృష్టీ ఆర్‌ఎఫ్ఐడీ గేటు బొమ్మ మీద ఉంది. మేము కొననే లేదు ఆ గేటు.

ఇక కోహా అంటే చాలు అంతా మంచే అనుకునేవాళ్లకు కూడా ఒక మాట. న్యూజిలాండ్‌లో ఒక ప్రజా గ్రంథాలయం కోసం తయారై 2000 నుంచి వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్ అది, ఎవరికైనా ఉచితం, నిజమే. కానీ దాన్ని పెట్టడానికి సర్వర్ కావాలి, లినక్స్ తెలిసిన మనిషి కావాలి, రోజూ బ్యాకప్ తీయాలి. ఈ సేవ అమ్మేవాళ్లు ఉన్నారు, వాళ్లలో మంచివాళ్లూ ఉన్నారు. కానీ సర్వర్ పాస్‌వర్డ్ తమ దగ్గరే పెట్టుకుని, డేటాబేస్ బ్యాకప్ అడిగితే మొహం తిప్పుకునేవాళ్ల గురించి పక్క జిల్లా మిత్రుడు చెప్పాడు. సాఫ్ట్‌వేర్ ఉచితమైనా తాళం వాళ్ల చేతిలో ఉంటే మళ్లీ ఇదే ఫోను సంభాషణ. ప్రభుత్వ కాలేజీల వాళ్లు ఎన్ఐసీ వారి ఈ-గ్రంథాలయ చూడండి, మా ఎయిడెడ్ బాధలు మీకు ఎందుకు. సోల్ 2021లో 3.0 వెర్షన్‌కు వచ్చింది, ఇన్‌ఫ్లిబ్‌నెట్ యూజీసీ కేంద్రమే కాబట్టి రేపు దుకాణం మూసేస్తారన్న భయం తక్కువ. హైదరాబాద్‌లోనే పుట్టిన న్యూజెన్‌లిబ్ కూడా ఓపెన్ సోర్స్. దేన్ని ఎంచుకున్నా కింద చెప్పిన పరీక్ష మాత్రం పెట్టండి. నాక్ అడిగింది ఒక పేరు, ఒక వెర్షన్. ఏ పేరు రాసినా గడి నిండుతుంది. ఖరీదైన పేరు రాస్తే ఎక్కువ నిండదు.

పరీక్ష ఏమిటంటే, మీ పుస్తకాల్లోంచి ఒక వంద తీసి వాళ్లకు ఇవ్వండి. అందులో తెలుగువి పాతిక ఉండాలి, ముగ్గురు రచయితల పుస్తకం ఉండాలి, చాలా కాపీలు ఉన్నది ఉండాలి, ఒకటి రెండు ఇష్యూ అయి ఉండాలి. వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, ఐఎస్‌ఓ 2709 (మార్క్ రికార్డులు నిల్వచేసే రూపం) ఫైలుగా యూటీఎఫ్-8లో మీ ముందే దించమనండి. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో మీ కంప్యూటర్‌కు తెచ్చుకుని మార్క్‌ఎడిట్‌లో తెరవండి, అది ఉచితమే. పేరు ఉండే 245 గడి దగ్గర తెలుగు పేరు తెలుగులో కనిపించాలి, ఐఎస్‌బీఎన్ ఉండే 020 దగ్గర పదమూడు అంకెలూ ఉండాలి, ప్రతులన్నీ ఒకే రికార్డు కింద ఉండాలి. ఇష్యూ వివరాలు మార్క్‌లో రావు, వాటికి విడిగా పట్టిక అడగండి. ఇంకో విషయం, ఎప్పుడు అడిగినా ఈ రూపంలో డేటా ఉచితంగా ఇస్తామన్న మాట కొనుగోలు ఆర్డర్‌లో రాయించండి. చివరి వాయిదా డబ్బు ఆ ఫైలు తెరుచుకున్నాకే.

కొటేషన్ల దశలో ఉన్నవాళ్లు ఈ వారమే అడగండి. ఫైలు చేతికి వస్తే మిగతా డెమో చూడండి. "తర్వాత మెయిల్ చేస్తాం మేడమ్ గారూ" అంటే టీ ఇచ్చి పంపించేయండి.