చెక్కా, ఫైబరా, ప్లైవుడ్డా? చిలికా దక్షిణపు ఒడ్డున మొదటి తెరచాప పడవ

ఇచ్ఛాపురం దాటాక బరంపురం, ఛత్రపురం, రంభ దాకా ఉన్న మనవాళ్లలో కొందరికి వేటతో పనిలేకుండా, సెలవు రోజున గాలి మీద పడవ నడుపుకోవాలన్న కోరిక పుడుతోంది. మంచి కోరిక. 1936లో గంజాం ఒడిశాలో కలిసింది గానీ ఈ తీరంలో సముద్రం తెలిసిన మనిషి కావాలంటే ఇప్పటికీ తెలుగు పలకరింపుతోనే దొరుకుతాడు. ఒడియావాళ్లు నోలియాలని పిలిచే మత్స్యకారుల్లో చాలామంది ఇంటి భాష మనదే. అంటే అడిగి నేర్చుకోవడానికి గురువులు పక్కనే ఉన్నారు.

కొత్తగా కొనేవాళ్లు మొదట ధర అడుగుతారు. నా లెక్కలో అది మూడో ప్రశ్న. మొదటిది, పాడైతే దీన్ని ఇక్కడ బాగుచేసేవాళ్లు ఎవరు? రెండోది, నడపని రోజుల్లో ఇది ఎక్కడ ఉంటుంది? ఈ రెంటికీ జవాబు దొరికితే ఏ పడవ కొనాలో దాదాపు తేలిపోతుంది.

ఏ నీళ్లలో నడుపుతారన్నది ముందు తేల్చుకోవాలి. గోపాల్‌పూర్ సముద్రం కొత్తవాళ్లకు వద్దు. అక్కడ ఒడ్డు దగ్గరే కెరటాలు విరిగి పడతాయి. ఆ దెబ్బ తట్టుకోవడానికే పాతకాలపు మసూలా పడవలకు లోపల పక్కటెముకల్లాంటి కర్రలు పెట్టకుండా, మేకులు కొట్టకుండా, పలకలను కొబ్బరితాడుతో కుట్టేవారు. కెరటం కొడితే ఒళ్లంతా వంగి మళ్లీ సర్దుకునేది. గట్టి ఒళ్లున్న చిన్న తెరచాప పడవకు ఆ గుణం లేదు. బాహుదా నది సముద్రంలో కలిసే ముఖం దగ్గర సోనాపూర్ వైపు నీళ్లు చూడ్డానికి నెమ్మదిగా ఉన్నా, ఆటుపోట్లకు ఇసుక మేటలు చోటు మారుతుంటాయి. నేర్చుకోవడానికి నా ఓటు రంభ వైపు చిలికా సరస్సుకే. చాలాచోట్ల రెండు మూడు మీటర్లకు మించి లోతుండదు, సముద్రపు కెరటం రాదు, ఒడ్డు కనుచూపులోనే ఉంటుంది.

పన్నెండు నుంచి పద్నాలుగు అడుగుల పడవ, ఇద్దరు ఎక్కేది, మనకు చాలు. ఇందులో మూడు దారులున్నాయి: పలకలతో కట్టిన చెక్క పడవ, ఫైబరు పడవ, మెరైన్ ప్లైవుడ్ మీద ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పట్టించి కట్టింది.

చెక్క పడవ అందం వేరు. నీళ్ల మీద దాని నడక మెత్తగా ఉంటుంది, చప్పుడు కూడా తక్కువ. కానీ సెలవురోజు పడవకు అది సరిపడదని నా గట్టి అభిప్రాయం. పలకల మధ్య సందుల్లో నూలు దట్టించి కట్టిన పడవ నీటిలో ఉంటేనే ఆరోగ్యంగా ఉంటుంది. కర్ర నీరు పీల్చి ఉబ్బుతుంది, సందులు బిగుసుకుంటాయి. రెండు వారాలు ఎండలో ఒడ్డున ఉంచితే పలకలు కుంచించుకుపోయి సందులు నోళ్లు తెరుస్తాయి. మళ్లీ దింపిన రోజు సగం నీళ్లు లోపలే. సరే, నీటిలోనే ఉంచుదామంటే అక్కడ పురుగు కాచుకుని ఉంటుంది. ఉప్పునీటిలో కర్రలో సొరంగాలు తవ్వే టెరిడో చూడ్డానికి పురుగులా ఉన్నా నిజానికి ఆల్చిప్పల జాతిది. పైనుంచి సూది మొనంత రంధ్రమే కనిపిస్తుంది, లోపల పలక జల్లెడై ఉంటుంది. 2000 సెప్టెంబరులో చిలికా నుంచి సముద్రంలోకి కొత్త ముఖం తవ్వాక సరస్సులోకి ఉప్పునీరు బాగా వస్తోంది. ఉప్పు ఎక్కువైన కొద్దీ దానికి పండగే.

చెక్క పడవను రోజూ వాడేవాళ్లు ఈ రెండు బాధలనూ పనిలో భాగంగా కాచుకుంటారు. పడవను లాగి గీకుతారు, ఆరబెడతారు, జీడిపిక్కల పైపెంకు నుంచి తీసిన నూనె పూస్తారు. పలాస జీడికి పేరుపడ్డ ఊరు కాబట్టి ఆ నూనె మన ప్రాంతానికి కొత్త కాదు. పూసేటప్పుడు చేతికి తొడుగు తప్పనిసరి, పచ్చి జీడినూనె తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. ఇంత సేవ వారం వారం చేయగల తీరిక ఉంటే చెక్క పడవే కొనండి, నేను కాదనను. ఆదివారాల్లో తప్ప కుదరనివాళ్లు దాని జోలికి పోకపోవడమే దానికీ మంచిది.

ప్లైవుడ్ పడవ తేలిక, ఒడ్డున ఉంచినా సందులు విచ్చుకోవు, చేతిపని ఇష్టమైనవాళ్లు ఇంటి వెనకే కట్టుకోవచ్చు. షీటు మీద ఐఎస్ 710 ముద్ర, అంటే మెరైన్ ప్లైవుడ్‌కున్న భారత ప్రమాణపు గుర్తు, చూసి తీసుకోవాలి. ఫర్నిచరుకు వాడే ఐఎస్ 303 రకం పడవకు పనికిరాదు. అనుమానముంటే ఒక ముక్క కోసి కొన్ని గంటలు నీళ్లలో ఉడకబెట్టండి. పొరలు విడిపోతే ఆ షీటు వదిలేయండి. ప్లైవుడ్‌కు కోసిన అంచే ప్రాణగండం. అక్కడ ఎపాక్సీ సరిగ్గా తాగించకపోతే నీరు పొరల మధ్యకు పాకి, పైన రంగు నిగనిగలాడుతుండగానే లోపల కుళ్లిపోతుంది.

నన్ను వెనక్కి లాగేది మాత్రం మరమ్మతు. మన రేవుల్లో పని చేసేవాళ్ల దగ్గర ఉండేది ఫైబరు పనికి వాడే పాలియెస్టర్ రెసిన్. ఎపాక్సీ మీద అది సరిగ్గా పట్టదు, అతుకు వేసినట్టే ఉండి కొన్నాళ్లకు ఊడి వస్తుంది. అంటే ప్లైవుడ్ పడవ ఉన్నవాళ్లు ఎపాక్సీ తెప్పించుకుని సొంతంగా అతుకు వేసుకోవడం నేర్చుకోవాలి. నేర్చుకునేవాళ్లకు ఇది చక్కటి పడవ, మిగతావాళ్లకు తలనొప్పి.

ఇక ఫైబరు. గోపాల్‌పూర్, ఆర్జిపల్లి రేవుల్లో ఒకప్పుడు దుంగలు కట్టిన తెప్పలుండే చోట ఇప్పుడు వరసగా ఫైబరు బోట్లే. ఆ బోట్లు ఉన్నచోట వాటికి అతుకులు వేసే చేతులూ ఉంటాయి. నేను ఫైబరుకు మొగ్గడానికి అసలు కారణం ఇదే. ఒడ్డున ఉంచినా ఎండిపోదు, పురుగు ముట్టదు, నెలరోజులు పట్టించుకోకపోయినా అలగదు. దానికి పడనివి రెండే: ఎండ, నెలల తరబడి నీటిలో నానడం. ఎండకు పైపూత సుద్దలా రాలుతుంది. ఎప్పుడూ నీటిలోనే ఉంటే పూత కింద పొక్కులు లేస్తాయి. నీడ పట్టున, గాలి ఆడేలా ఒడ్డున పెడితే ఈ రెండూ తప్పుతాయి.

సెయిలింగ్ క్లబ్బుల నుంచి పాత పడవలు అమ్మకానికి వస్తుంటాయి. వాటిలో లేజర్ ఒక్కరు నడిపేది, 4.2 మీటర్ల పొడవు, ఒళ్లు దాదాపు 59 కిలోలు. ఎంటర్‌ప్రైజ్ ఇద్దరిది, 4 మీటర్లకు కాస్త పైన. కుటుంబంతో తిరగాలనుకుంటే ఎంటర్‌ప్రైజే మేలు. లేజర్ చురుకైనది, తరచూ బోల్తా పడుతుంది, ఈత వచ్చిన కుర్రాళ్లకు బాగుంటుంది.

పాత ఫైబరు పడవ చూడ్డానికి వెళ్తే రూపాయి బిళ్ల ఒకటి దగ్గర ఉంచుకోండి. దాని అంచుతో ఒళ్లంతా వరసగా, బెత్తెడు దూరానికొకసారి తట్టండి. గట్టి చోట ఠంగుమని పలుకుతుంది. పొరలు విడిపోయిన చోట డబ్మని బరువుగా మోగుతుంది. ఆ తేడా రెండు నిమిషాల్లో చెవికి పట్టుబడుతుంది. తెరచాప కొయ్య దిగే గుంట చుట్టూ, చుక్కాని బిగించే అమరం చెక్క దగ్గర, సెంటర్‌బోర్డు (పడవ పక్కకు జారకుండా అడుగు నుంచి నీటిలోకి దించే పలక) పెట్టె అడుగున మరింత శ్రద్ధగా తట్టండి. బరువంతా పడేది ఆ మూడు చోట్లే. తర్వాత పైతట్టు మీద మోకాలు ఆనించి నొక్కండి, మెత్తగా కుంగితే లోపలి చెక్క కుళ్లిందన్నమాట. ఒంటి మీద పొక్కు కనిపిస్తే గుచ్చి వాసన చూడండి. వెనిగర్ లాంటి పుల్లటి వాసన వచ్చే నీరు కారితే నీరు పొరల్లోకి దిగింది. చివరగా ఇద్దరు చెరోవైపు ఎత్తండి. ఉండాల్సిన దానికన్నా బరువుందంటే లోపలి ఫోమ్ నీళ్లు తాగింది, అది ఎండడం కల్ల. కొత్త రంగు వేసి తళతళలాడే పడవ దగ్గర ఈ పరీక్షలన్నీ రెండుసార్లు చేయండి.

సెంటర్‌బోర్డు తిరిగి పైకి లేచే రకమేనా అన్నది కూడా చూడాలి. పడవ అడుగున పైకి లేవకుండా బిగిసిపోయిన పలక (కీల్) ఉన్నవి చిలికాకు వద్దు. మేట తగిలితే అక్కడే కూర్చుంటాయి. నాచు, వలలు, రొయ్యల ఘేరీల (పెంపకానికి నీటిలో కట్టే దడుల) వెదుళ్లు తగిలే నీళ్లివి. బోర్డు, చుక్కాని రెండూ తాడు లాగగానే లేవాలి.

సామానులో ఎక్కడ పొదుపు చేయొచ్చు, ఎక్కడ కూడదు అన్నది వేరే సంగతి. తెరచాపలో చేయొచ్చు. మొదటి ఏడాదికి మంచి టార్పాలిన్‌తో కుట్టించుకున్న చాప చాలు. పట్టుకు పేరున్న బరంపురంలో టార్పాలిన్లు కుట్టేవాళ్లకూ కొదవలేదు. పాలియెస్టర్ దారంతో, జిగ్‌జాగ్ కుట్టుతో, మూలల్లో నాలుగు మడతలు పెట్టించండి. ఆకారం చెడి సాగిపోతుంది, గాలికి ఎదురు వెళ్లేటప్పుడు పదును తగ్గుతుంది, అయినా నేర్చుకునే చేతులకు చాలు. రెండో ఏడు డాక్రాన్ (తెరచాపలకు వాడే పాలియెస్టర్ గుడ్డ) చాప తీసుకోండి. ఆ చాపను చంపేది గాలి కన్నా ఎండ. అందుకే దిగగానే మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరేసి, సంచిలో పెట్టాలి.

తాళ్లలో పొదుపు వద్దు. వలల దుకాణంలో దొరికే నీలం, ఆకుపచ్చ పాలీప్రొపైలీన్ తాడు చవక, నీటిపై తేలుతుంది, కానీ ఎండకు పీచులు లేచి ఉన్నట్టుండి తెగుతుంది. చాప ఎత్తే తాడుకు సాగని పాలియెస్టర్ వాడాలి. లంగరుకు మాత్రం సాగే నైలాన్ మంచిది, కుదుపును మింగేస్తుంది. లంగరు తాడు లోతుకు ఐదు నుంచి ఏడు రెట్లుండాలి. చిలికా బురదకు నాలుగు కొక్కేల లంగరు కన్నా పలకల్లాంటి రెక్కలున్నది బాగా పడుతుంది.

లోహంలో అసలే వద్దు. 304 రకం స్టీలు ఉప్పునీటిలో చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. 316లో మాలిబ్డినం ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. అయస్కాంతంతో ఆ రెంటినీ పోల్చడం కుదరదు, నమ్మకమైన దుకాణంలో బిల్లుతో కొనండి. ఇత్తడి స్క్రూలు ఉప్పునీటిలో జింకు పోగొట్టుకుని గులాబీ రంగుకు తిరిగి పెళుసెక్కుతాయి. కొయ్యకు వెదురు చవక, విరిగితే ఇంకోటి దొరుకుతుంది. అల్యూమినియం నిటారుగా తేలిగ్గా ఉంటుంది, కానీ స్టీలు బోల్టు తగిలే చోట నైలాన్ వాషరు వేయకపోతే తినేస్తుంది. అల్యూమినియం కొయ్య నిలబెట్టి ఒడ్డున పడవ తోసేటప్పుడు పైన కరెంటు తీగలు చూసుకోవడం మరవద్దు. ప్రాణాలు పోయేది అక్కడే.

ఇంజన్ సంగతి చిన్నది. మొదటి ఏడాది రెండు తెడ్లు, ఒక గెడ చాలు. ఇంజన్ పెడితే సర్వే, రిజిస్ట్రేషన్ వంటి పనులు కూడా మీద పడతాయి. ఆ డబ్బుతో అందరికీ ఒంటి కొలతకు సరిపడే లైఫ్ జాకెట్లు కొనండి. బల్లల కింద మూతలు బిగించిన ఖాళీ ఇరవై లీటర్ల క్యాన్లు కట్టండి. బోల్తా పడ్డప్పుడు ఒక్కోటి దాదాపు ఇరవై కిలోల బరువును తేలుస్తుంది.

నీటిలోనా, ఒడ్డునా అన్నదానికి ఇక్కడ వాతావరణమే జవాబు చెబుతుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. సరస్సులో లంగరు వేసి వదిలేసిన చిన్న పడవను అలాంటి రాత్రి ఎవరూ కాపాడలేరు. సెప్టెంబరు ఆఖరుకు పడవను ఒడ్డెక్కించి, కొయ్య దింపి, ఎత్తైన చోట బోర్లించి, భూమిలో లోతుగా దిగ్గొట్టిన గుంజలకు రెండు వైపులా కట్టేయండి. కొబ్బరిచెట్ల కింద మాత్రం వద్దు.

వానలు వెనకబట్టిన నవంబరులో అతుకుల పని పెట్టుకోండి. తడిగాలిలో రెసిన్ సరిగ్గా గట్టిపడదు. దెబ్బ తగిలిన చోటును చుట్టూ వెడల్పుగా, ఏటవాలుగా గీకి, పొడిబట్టతో తుడిచి, ఒక్కో పొర గాజుపీచు మ్యాట్ వేస్తూ రోలరుతో గాలి బుడగలు తీయించాలి. హార్డెనర్ రెసిన్‌లో నూటికి ఒకటి రెండు పాళ్లే. పని తొందరగా అవుతుందని ఎక్కువ పోస్తే పొర వేడెక్కి పగుళ్లిస్తుంది. అది ఆరేలోపు తాళ్ల కొసలు దారంతో చుట్టుకుంటే, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వీచే నెమ్మది గాలి మొత్తం మీకు దక్కుతుంది. మార్చి నుంచి మధ్యాహ్నపు దక్షిణపు గాలి ముదురుతుంది, ఏప్రిల్, మే సాయంత్రాల్లో కాలవైశాఖి గాలివాన ఉరుముతూ మీద పడుతుంది. ఆ నెలల్లో ఉదయం బయల్దేరి పది గంటలకల్లా రంభ ఒడ్డుకు చేరుకోండి.