హీల్సా, ముక్కు వెడల్పు షూనా? రోజూ వేసుకోవడానికి ఏది మేలు

నెల్లూరు, ఒంగోలు ఊళ్లలో బ్యాంకుకో బడికో బట్టల కొట్టుకో పనికి వెళ్లే ఆడవాళ్లు పదే పదే అడుగుతున్న మాట ఇది: "హీల్స్ మానేద్దామనుకుంటున్నా. ఆ ముక్కు వెడల్పు బొద్దు షూ చీర మీదికి బాగుంటాయా? కాళ్ల నొప్పి నిజంగా తగ్గుతుందా?" సరైన జత దొరికితే రెండూ కుదురుతాయి. కొనేటప్పుడు అందరూ మడమ ఎత్తే చూస్తారు. నా లెక్కలో మాత్రం తేల్చేది వేళ్ల దగ్గరి వెడల్పే.

హీల్స్ వదిలినవాళ్లు ఎక్కువగా మడమ ఎత్తు లేని మూసిన షూ అయిన బెల్లీస్‌కి మారతారు. పిక్కలకు హాయిగానే ఉంటుంది గానీ చిటికెనవేలి పక్క ఆనె తగ్గదు, బొటనవేలి మొదట్లో బొడిపె నొప్పీ తగ్గదు. పెన్సిల్ హీల్లో రెండు ఇబ్బందులు కలిసి ఉంటాయి. ఎత్తు వల్ల ఒంటి బరువు పాదం ముందు భాగానికి జారుతుంది. ముక్కు సన్నగా ఉండటంతో ఆ బరువు మోసే వేళ్లకు విచ్చుకునే చోటుండదు. బెల్లీస్ వేసుకుంటే మొదటిది పోతుంది, రెండోది అలాగే మిగులుతుంది. పైగా బెల్లీస్‌కి పట్టీ ఉండదు, వేళ్లనీ మడమనీ అదిమితేనే కాలికి నిలుస్తాయి. అందుకే వదులుగా తీసుకుంటే ఊడిపోతాయి, బిగువుగా తీసుకుంటే నొక్కుతాయి. మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య మంట, తిమ్మిరి వస్తుంటే అక్కడ నరం నలుగుతూ ఉండొచ్చు. అలాంటివాళ్లకు ముక్కు ఇరుగ్గా ఉన్నంతకాలం ఎంత మెత్తటి సోలు వేసినా ఊరట అంతంతమాత్రమే.

మెట్టెల సంగతి కూడా ఇక్కడే వస్తుంది. ఇరుకు ముక్కులో మెట్టె పక్కవేలిలోకి దిగి చర్మం ఒరుసుకుపోతుంది, చెమట తగిలి పుండవుతుంది. షూ కొలత మెట్టెలు ఉంచుకునే తీసుకోవాలి.

కొలవడం సాయంత్రం పెట్టుకోండి. పొద్దంతా నిలబడ్డాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, షూ ఆ పాదానికి సరిపోవాలి. నేల మీద తెల్ల కాగితం వేసి, దాని మీద బరువంతా మోపి నిలబడి, పక్కవాళ్ల చేత పాదం చుట్టూ గీయించుకోండి. పెన్సిల్ నిటారుగా ఉండాలి. లోపలికి వాలిందంటే గీత పాదం కిందికి పోయి కొలత తగ్గిపోతుంది. రెండు పాదాలూ గీసి పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి. కొట్లో షూ లోపలి అట్ట, అంటే ఇన్‌సోల్ బయటికి తీసి ఆ కాగితం మీద పెట్టండి. చిటికెనవేలి దగ్గర గీత ఇన్‌సోల్ దాటి కనిపిస్తే ఆ జత పక్కన పెట్టేయండి. ఇన్‌సోల్ అతికించేసి ఉంటే, గీసిన పాదాన్ని కత్తిరించి లోపలికి దోపండి. కాగితం అంచులు పైకి మడతపడితే అది ఇరుకే. అన్నిటికంటే పొడవైన వేలి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. కొందరికి ఆ వేలు బొటనవేలు కాదు, రెండోది.

వెడల్పు చాల్లేదని ఒక నంబరు పెద్దది ఇస్తారు, ఒప్పుకోకండి. యూకే నంబరు ఒకటి పెరిగితే పొడవు సుమారు 8.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది, యూరప్ నంబరైతే 6.7. వెడల్పు అంత పెరగదు. మడమ జారుతుంది, షూ వంగే చోటు వేళ్ల మొదళ్ల కంటే ముందుకు పోతుంది, జారకుండా ఆపడానికి వేళ్లు ముడుచుకుంటాయి. పోగొట్టుకుందామనుకున్న నొప్పి మళ్లీ మొదలవుతుంది.

హీల్స్‌కి వాటి చోటు వాటికుంది. కుచ్చిళ్లు నిలువుగా, బరువుగా పడటం వాటితో వచ్చే అందమే. రెండు మూడు గంటల పెళ్లికి గుండ్రటి ముక్కున్న 4 సెంటీమీటర్ల బ్లాక్ హీల్ చాలామందికి ఇబ్బంది పెట్టదు. రోజంతా కౌంటరు దగ్గర నిలబడటానికీ, ఆర్టీసీ బస్సు మెట్లు ఎక్కి దిగడానికీ అవి పనికిరావు. కల్యాణ మండపాల్లో పాలిష్ పట్టిన చీమకుర్తి గ్రానైట్ మీద నీళ్లు ఒలికిన చోట పెన్సిల్ హీల్ మొన నిలవదు, చీలమండ మెలిపడుతుంది. వెడ్జెస్, ప్లాట్‌ఫాములు అడుగంతా మందంగా ఉండే వంగని దిమ్మలు, రోజువారీ నడకకు వద్దు.

క్రాక్స్ తరహా ఫోమ్ చెప్పుల్లో వేళ్లకు బోలెడు చోటుంటుంది. కానీ ఆ ఫోమ్ వేడికి కుంచించుకుపోతుంది. మే నెలలో తలుపులు మూసిన కారులో వదిలేస్తే నంబరు తగ్గినట్టు బిగుసుకుంటాయి. అడుగు అరిగాక తడి గచ్చు మీద జారతాయి కూడా. కొల్హాపురి చెప్పులు (2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది) కాలి ఆకారానికి చక్కగా సర్దుకుంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో తడిస్తే మాత్రం తోలు ఉబ్బి పొరలు విడిపోతాయి. బొటనవేలు విడిగా ఉండే జపాను తరహా షూలో మెట్టెకు కుట్టు ఒరుసుకుంటుంది.

నా ఓటు ముక్కు వెడల్పుగా, పాదం మీద పట్టీతో, రబ్బరు అడుగుతో ఉన్న షూకే. పట్టీ పాదాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది, వేళ్లు ముందుకు జారి నలగవు. పట్టీకి వెల్‌క్రో వద్దు, దాని కొక్కేలు చీర అంచు జరీ పోగులు లాగేస్తాయి. ఎలాస్టిక్ ముక్క కుట్టిన బకిల్ అయితే గుడి దగ్గరా ఇంటి గుమ్మం దగ్గరా వంగకుండా విడవొచ్చు.

ఇక చీర. 6 సెంటీమీటర్ల హీల్ నుంచి ఒకటిన్నరకు దిగితే అంచు నాలుగున్నర సెంటీమీటర్లు నేల మీదికి వస్తుంది, ఫాల్ త్వరగా చిరిగిపోతుంది. షూ వేసుకున్నాకే కట్టడం మొదలుపెట్టండి. ముందు లంగాని నాడా దగ్గర ఒక మడత వేసి చీలమండ దాకా ఎత్తండి, తర్వాత చీర మొదటి చుట్టు దానికి ఒక అంగుళం కిందికి వచ్చేలా దోపండి. గంజి పెట్టిన వెంకటగిరి నూలు చీర బిరుసుగా నిలబడుతుంది కాబట్టి కింద బొద్దు షూ కావాలని వేసుకున్నట్టు పొందికగా కనిపిస్తుంది. జార్జెట్ పట్టీకి చుట్టుకుంటుంది, దానికి నల్ల షూ, సన్న పట్టీ నయం.

ఏళ్ల తరబడి హీల్స్ వేసినవాళ్లు ఒక్కరోజులో చదునుకు దిగొద్దు. పిక్క కండరం, దాన్ని మడమ ఎముకకు కలిపే స్నాయువు పొట్టిపడి ఉంటాయి, ఒక్కసారిగా సాగితే మడమ నొప్పి పట్టుకుంటుంది. అలా పట్టుకున్నవాళ్లే ఫ్లాట్ షూ పడవని మళ్లీ హీల్స్‌కి వెళ్లిపోతారు. 7 సెంటీమీటర్ల నుంచి 4కి, 4 నుంచి 2కి, మధ్యలో కొన్ని వారాలు ఇచ్చి దిగండి. రోజూ గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనేలా అర నిమిషం చొప్పున పిక్కలు సాగదీయండి.

కొనేముందు అడుగు రబ్బరో, పీయూనో (పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ ఫోమ్) అడగండి. పీయూ సోలు గాలిలో తేమకు లోలోపల పాడవుతుంది, మన సముద్రతీరంలో తేమకు కొదవలేదు. పెళ్లిళ్లకని డబ్బాలో దాచిన జత కొన్నేళ్లకు వేసుకున్న రోజే పొడిపొడిగా రాలిపోవడం అందుకే. బయల్దేరే ముందు సోలు అంచుని గోటితో నొక్కి చూడండి. జిగురుగా అంటినా, పొడి రాలినా ఆ రోజుకు వేరే జత వేసుకోండి. పైభాగం బాగుంటే చెప్పులు కుట్టేవాళ్ల చేత రబ్బరు సోలు వేయించుకోవచ్చు.