రాజమండ్రిలో ఒకటిన్నర రోజు: కాటన్ దొర, పంతులుగారు, దామెర్ల

పోయిన నెల నాన్నని తీసుకుని రాజమండ్రి వెళ్లాను. ఆయనది కోనసీమ, ధవళేశ్వరం చూపించకపోతే రానని ముందే కండిషన్ పెట్టారు. నాకేమో ఈ ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు బొమ్మలు చూడాలని ఎప్పట్నించో ఉంది.

ముందు లాడ్జి గోల చెప్పేస్తా. ఆన్‌లైన్లో గోదావరి వ్యూ అని ఫోటో పెట్టారు, తీరా కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ వాటర్ ట్యాంకు. గీజరు పనిచెయ్యట్లేదంటే కుర్రాడు బకెట్‌తో వేడినీళ్లు తెచ్చిచ్చాడు, వాడు మాత్రం మంచోడు. ఫోటోలు నమ్మకండి, రూమ్ చూశాకే డబ్బులు కట్టండి.

ధవళేశ్వరానికి షేర్ ఆటోలో పోవచ్చు, పది కిలోమీటర్లు కూడా లేదు. గోదావరి మీద ఆనకట్ట కట్టించిన ఇంగ్లీషు ఇంజనీరు కాటన్ దొర పేరు మీదున్న మ్యూజియంలో ఆనకట్ట నమూనాలు, అప్పటి ఫోటోలు ఉంటాయి. 1847లో మొదలెట్టి 1852కి ఆనకట్ట పూర్తిచేశారు, అంతకుముందు ఇదే గోదావరి జిల్లాలో కరువుకి జనం వలసపోయారంటే ఇప్పుడు ఆ కొబ్బరితోటలు చూసినోళ్లెవరూ నమ్మరు. ఇప్పుడు మనం చూసేది తర్వాత కట్టిన బ్యారేజీ, 175 గేట్లు. నాన్న మాత్రం కాటన్ కంటే వీణెం వీరన్న గురించే ఎక్కువ చెప్పారు, కూలీల్ని పోగేసి దగ్గరుండి పని చేయించింది ఆయనేనంట, కానీ మనూళ్లల్లో విగ్రహాలన్నీ దొరకే. నిజమే కదా అనిపించింది.

వీరేశలింగం పంతులుగారి ఇల్లు చిన్నదే, గబగబా తిరిగితే పావుగంటలో అయిపోద్ది, అలా మాత్రం చూడకండి. 1881 డిసెంబర్ 11న మొదటి వితంతు వివాహం చేయించింది ఈ ఊళ్లోనే, గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మ. ఊరంతా ఎదురు తిరిగితే కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్యగారు డబ్బు సాయం చేశారు, స్టూడెంట్లు కాపలా ఉన్నారు. పంతులుగారి పేరు అందరికీ తెలుసు, వెనక నిలబడ్డ భార్య రాజ్యలక్ష్మమ్మగారి పేరు ఎంతమందికి తెలుసు?

ఇక దామెర్ల. ఆటో అతనికి ఆర్ట్ గ్యాలరీ అని చెప్తే తీసుకెళ్లి చీరల షాపు ముందు ఆపాడు 😀. మళ్లీ వెతుక్కుంటూ గోదావరి గట్టు వైపు వచ్చాం. దామెర్ల 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు, ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఈయన చెయ్యి చూసి బొంబాయిలో బొమ్మలు నేర్పే జేజే స్కూల్‌కి పంపించాడు, అడవి బాపిరాజుగారు కూడా ఆ దొర శిష్యుడే. పుష్పాలంకారం బొమ్మ ముందు చాలాసేపు నిలబడిపోయాను, దూరం నుంచి ఏదో గుంపు అనిపిస్తుంది, దగ్గరికెళ్తే ఒక్కో ఆడమనిషి నిలబడే తీరు, చీర ముడతలు, అన్నీ మనింట్లో చూసినవే. చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, భార్య సత్యవాణి కూడా బొమ్మలు వేసినవాళ్లే. నన్నడిగితే టైమ్ తక్కువుంటే మిగతావి వదిలేసైనా ఇది చూడండి.

గౌతమీ గ్రంథాలయానికి టైమ్ చాల్లేదు, తాళపత్రాలు ఉన్నాయక్కడ, పుస్తకాల పిచ్చి ఉన్నోళ్లు ఓ పూట ఉంచుకోండి. సాయంత్రం పుష్కర్ ఘాట్, అక్కణ్ణుంచి కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్. రెండో గ్లాసు చెప్పబోతుంటే షుగర్ సంగతి గుర్తుచేశా, ఆనకట్ట మీద ఎండలో నడిచాను కదా అది దిగిపోద్దిలే అన్నారు నాన్న.