డెస్క్ ఫోనా, మొబైల్ యాపా, పాత సెట్టుకే డబ్బానా: ఆఫీసు నంబరుకు ఏది మేలు?

హన్మకొండలో కొత్తగా క్లినిక్ తెరిచినవాళ్లూ, కాజీపేటలో కోచింగ్ సెంటర్ నడిపేవాళ్లూ, ఎనుమాముల మార్కెట్ దగ్గరి అడ్తిదారులూ తిప్పి తిప్పి అడిగేది ఒకటే. వరంగల్ 0870 ల్యాండ్‌లైన్ నంబరు ఇప్పుడు రాగి తీగ మీద రావట్లేదు. ఫైబర్ మీదనో, ఏదో క్లౌడ్ పీబీఎక్స్ (ఆఫీసు ఎక్స్ఛేంజీని ఇంటర్నెట్‌లో నడిపే సేవ) ఇచ్చిన సిప్ ఖాతాగానో (నెట్ మీద కాల్స్ కలిపే లాగిన్) వస్తోంది. దానికి టేబుల్ మీద నెట్‌తో నడిచే ఐపీ ఫోన్ కొనాలా? స్టాఫ్ మొబైళ్లలో యాప్ వేస్తే సరిపోదా? మూలన పడున్న పాత ల్యాండ్‌లైన్ సెట్టుకే, దాన్ని నెట్‌కు కలిపే ఏటీఏ డబ్బా తగిలిస్తే పోలా?

ధర, బటన్లు, స్క్రీన్ చూసి తేల్చుకునేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే చూడాల్సింది వేరే. మనం చేసే కాల్ వెళ్లకపోతే ఆ క్షణమే తెలుస్తుంది, ఇంకోసారి నొక్కుతాం. మనకు వచ్చే కాల్ మోగకపోతే మాత్రం తెలిసే దారే లేదు. పేషెంటు తరఫు మనిషి ఇంకో డయాగ్నొస్టిక్ సెంటర్‌కు చేసుకుంటాడు, అంతే. అందుకే మూడింటినీ ముందు ఈ ఒక్క తూకంలో పెట్టాలి: వచ్చిన ప్రతి కాలూ మోగుతుందా?

యాప్

పెట్టుకోవడానికి ఇంతకన్నా సులువైనది లేదు. లిన్‌ఫోన్, జోయిపర్ లాంటిది దించుకుని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, సర్వర్ (కాల్స్ నడిపే కంపెనీ కంప్యూటర్) పేరు కొడితే పని అయిపోతుంది. చిక్కంతా ఆ తర్వాతే. ఆండ్రాయిడ్ 6 నుంచి, ఫోన్ కదలకుండా స్క్రీన్ ఆరి ఉంటే వెనకాల నడిచే యాప్‌లను సిస్టమే నిద్రపుచ్చుతుంది. షావోమీ, వివో, ఒప్పో ఫోన్లలో దానిమీద ఇంకో సొంత బ్యాటరీ పొదుపు ఉంటుంది. యాప్ నిద్రపోతే సర్వర్ దగ్గర రిజిస్ట్రేషన్ (‘నేనిక్కడున్నా’ అని వేయించుకునే హాజరు) గడువు తీరిపోతుంది, కాల్ చేసినవాళ్లకు ‘అందుబాటులో లేరు’ అని వినిపిస్తుంది. బ్యాటరీ సెట్టింగులో ఆ యాప్‌కు ‘నో రెస్ట్రిక్షన్స్’ పెట్టి, ఆటోస్టార్ట్ ఆన్ చేసి, రీసెంట్ యాప్స్‌లో తాళం వేస్తే చాలావరకు నయం. అయితే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చాక ఇవన్నీ మళ్లీ చూసుకోవాలి.

అసలు మందు పుష్ నోటిఫికేషన్. కాల్ రాగానే సర్వరే మొబైల్‌ను తట్టి లేపుతుంది. ఇది సర్వర్ వైపు ఉండాల్సిన ఏర్పాటు, ఐఫోన్‌లోనైతే ఇది లేని యాప్‌ను నమ్ముకోలేం. కాబట్టి క్లౌడ్ కంపెనీని మొదట అడగాల్సింది నెలకు ఎంత అని కాదు, ‘మీ యాప్‌కు పుష్ ఉందా’ అని.

ఇంకో సంగతి. రిసెప్షనిస్టు సెలవు పెడితే ఆఫీసు నంబరు కూడా ఆమె వెంట నర్సంపేట వెళ్లిపోతుంది. ఊళ్లు తిరిగే ఓనరుకు యాప్ బంగారం. పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చుని బయటికి కాల్స్ చేసేవాళ్లకు విండోస్‌లో మైక్రోసిప్, ఒక యూఎస్‌బీ హెడ్‌సెట్ చాలు. ముందు గది నంబరుకు మాత్రం యాప్ వద్దు.

డెస్క్ ఫోన్

నా మొగ్గు దీనివైపే. ఇరవై నాలుగు గంటలూ మేలుకుని ఉండటం తప్ప దీనికి వేరే పని లేదు. యీలింక్ టీ31పీ, గ్రాండ్‌స్ట్రీమ్ జీఆర్‌పీ2601పీ లాంటి చిన్న మోడళ్లు మామూలు ఆఫీసుకు ఎక్కువే. ఈ రెండింట్లో చివరి ‘పీ’ అక్షరం చూసి కొనండి. అది ఉంటేనే పీఓఈ, అంటే నెట్ తీగలోంచే కరెంటు వస్తుంది.

ఫోన్ వెనక రెండు నెట్ పోర్టులుంటాయి. ఇంటర్నెట్ లేదా ల్యాన్ అని ఉన్నదాంట్లోకి స్విచ్ (ఆఫీసు నెట్ తీగలన్నీ కలిసే డబ్బా) నుంచి వచ్చే తీగ, పీసీ అని ఉన్నదాంట్లోంచి కంప్యూటర్‌కు పోయే తీగ. తారుమారు చేస్తే పీఓఈ ఫోన్ అసలు వెలగదు, ఎందుకంటే కరెంటు తీసుకునేది మొదటి పోర్టు ఒక్కటే. ఇంతకన్నా పెద్ద తంటా ఒకటుంది. ఊడ్చేటప్పుడు ఊడిన తీగను ఎవరో మంచి మనసుతో గోడ మీది నెట్ సాకెట్‌లో పెడతారు. రెండు పోర్టులూ ఒకే స్విచ్‌కు కలిసి లూప్ పడుతుంది (డేటా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది), ఆఫీసు నెట్ మొత్తం కూలబడుతుంది, అందరూ ఫైబర్ కంపెనీని తిడతారు. కంప్యూటర్ వాడని చోట పీసీ పోర్టుకు టేపు అంటించడం మంచిది. చిన్న మోడళ్లలో ఈ పోర్టు వేగం 100 ఎంబీపీఎస్ దాటదు. పెద్ద ఫైళ్లు కదిలించే కంప్యూటర్‌కు వేరే తీగ లాగండి.

ఫోన్ లేచాక యీలింక్‌లో ఓకే నొక్కితే ఐపీ అడ్రస్ కనిపిస్తుంది. దాన్ని అదే నెట్‌లో ఉన్న కంప్యూటర్ బ్రౌజర్‌లో కొట్టి, లాగిన్ అయిన వెంటనే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చేయాలి. అకౌంట్ పేజీలో తికమక పెట్టేవి మూడు పేర్లు. డిస్‌ప్లే నేమ్ ఏం రాసినా పర్వాలేదు. యూజర్‌నేమ్ అంటే ఎక్స్‌టెన్షన్, ఆఫీసు లోపలి నంబరు. రిజిస్టర్ నేమ్ అంటే లాగిన్ ఐడీ. చాలా చోట్ల ఈ చివరి రెండూ ఒకటే, కొన్ని కంపెనీలు మాత్రం వేర్వేరుగా ఇస్తాయి. సర్వర్ పోర్టు నంబరు మామూలుగా 5060, టీఎల్ఎస్ (సంకేతాలను గుప్తంగా పంపే పద్ధతి) అయితే 5061. టైమ్ జోన్ +5:30 పెట్టి, గడియారం సరిచేసే ఎన్‌టీపీ సర్వర్ అందుతోందో లేదో చూడండి. గడియారం ఏళ్ల వెనక ఉంటే సర్టిఫికెట్ చెల్లదని టీఎల్ఎస్ రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది, తప్పు పాస్‌వర్డ్‌దని మనం అనుకుంటాం.

రిజిస్టర్ కాకపోతే కోడ్ చూడండి. 403 వస్తే లాగిన్ వివరాల్లో తేడా, 408 వస్తే సర్వర్ దాకా మాటే పోవట్లేదు. తప్పు పాస్‌వర్డ్‌తో ఫోన్‌ను అలా వదిలేస్తే అది ప్రయత్నిస్తూనే ఉంటుంది. సర్వర్ విసిగి మీ ఆఫీసు నెట్ మొత్తానికీ ఉన్న పబ్లిక్ ఐపీనే బ్లాక్ చేస్తుంది. అప్పుడు బాగున్న ఫోన్లు కూడా మూగబోతాయి.

మోగడం దగ్గర డెస్క్ ఫోన్‌కూ ఒక జబ్బుంది. ఖాళీగా ఉన్న యూడీపీ దారిని (కాల్ సంకేతాలు వచ్చిపోయే దారి) చాలా రౌటర్లు కొద్దిసేపటికే, కొన్నయితే 30 సెకన్లకే, మూసేస్తాయి. ఫోన్ గంటకోసారి మాత్రమే రిజిస్టర్ అవుతుంటే మధ్యలో వచ్చే కాల్‌కు తలుపు మూసే ఉంటుంది. బయటికి కాల్ చేసిన కాసేపటిదాకా బాగా మోగి, ఆ తర్వాత మోగట్లేదంటే ఇదే రోగం. నాట్ కీప్‌అలైవ్ (ఆ దారి మూసుకోకుండా ఫోన్ పంపే చిన్న సంకేతం) ఆన్ చేసి 20 నుంచి 30 సెకన్లు పెట్టండి.

కరెంటు పోతే

పాత ల్యాండ్‌లైన్‌కు ఎక్స్ఛేంజీ నుంచే 48 వోల్టులు వచ్చేవి, ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది. ఇప్పుడు ఫైబర్ మోడెం, రౌటర్, స్విచ్, ఫోన్, ఈ నాలుగింట్లో ఏది ఆరినా నంబరు పోయినట్టే. ఏటీఏ తీసుకున్నా ఈ లెక్క మారదు.

‘ఇన్వర్టర్ ఉంది కదా’ అంటారు. మామూలు మోడ్‌లో అది మారేలోపు రౌటర్ ఒకసారి ఆరి వెలుగుతుంది. మోడెం, రౌటర్, ఫోన్ వరసగా లేచి రిజిస్టర్ అయ్యేసరికి కొన్ని నిమిషాలు గడిచిపోతాయి. ఎండాకాలంలో కరెంటు వచ్చిపోతూ ఉంటే ఈ నిమిషాలే గంటలవుతాయి. ఇన్వర్టర్‌కు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అటు తిప్పండి.

రౌటర్ కింద పెట్టే 12 వోల్టుల చిన్న డీసీ యూపీఎస్ మోడెం, రౌటర్ల వరకే పనికొస్తుంది. పీఓఈ స్విచ్ తీగలోకి పంపేది దాదాపు 48 వోల్టులు, దానికి ఆ డబ్బా చాలదు. ఆరు ఫోన్ల ఆఫీసు లెక్క చూద్దాం. మోడెం 10 వాట్లు, రౌటర్ 10, స్విచ్ సొంతానికి 5, ఫోన్లు తలా 3 చొప్పున 18, మొత్తం 43. కంప్యూటర్లకు వాడే 600 వీఏ యూపీఎస్‌లో 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది, అంటే 84 వాట్ అవర్లు. మార్పిడి నష్టాలు పోను ముప్పావు గంట నుంచి గంట దాకా వస్తుంది. పీఓఈ గొప్ప ఇక్కడే తెలుస్తుంది. అడాప్టర్ ఫోన్లకైతే ఆరు టేబుళ్లకూ బ్యాకప్ లాగాలి, పీఓఈకి ఒక మూల ఒక్క యూపీఎస్ చాలు. దాన్ని రేకుల కప్పు కింద మాత్రం పెట్టకండి. వేడి 10 డిగ్రీలు పెరిగితే సీల్డ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది.

ఇక కోతులు ఫైబర్ తీగ తెంపిన రోజు ఏ యూపీఎస్సూ ఆదుకోదు. ‘ఫోన్ దొరకకపోతే ఫలానా మొబైల్‌కు మళ్లించు’ అన్న ఫార్వర్డింగ్‌ను సర్వర్ ప్యానెల్‌లో పెట్టి ఉంచండి. ఫోన్ మెనూలో పెట్టే ఫార్వర్డింగ్ ఫోన్ బతికి ఉన్నప్పుడే పనిచేస్తుంది.

పాత సెట్టుకు ఏటీఏ

దీన్ని చాలామంది చులకనగా చూస్తారు గానీ, ఒక చోట డెస్క్ ఫోన్ కూడా దీని ముందు నిలవదు. నెట్ తీగ హద్దు 100 మీటర్లు. సుల్తానాబాద్ వైపు రైస్ మిల్లుల్లో ఆఫీసు ఒక చివర, ధర్మకాంటా గేటు దగ్గర ఇంకో చివర. పాత ఇంటర్‌కమ్ జంట తీగ అప్పటికే లాగి ఉంటుంది. గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ801కు ఒక ఫోన్, హెచ్‌టీ802కు రెండు ఫోన్లు తగిలించుకోవచ్చు. డబ్బాను ఆఫీసులో యూపీఎస్ మీద పెడితే, గేటు దగ్గరి ఫోన్‌కు కరెంటు ఆ జంట తీగలోనే పోతుంది. దుమ్ములో పడి పాడైనా పోయేది మామూలు సెట్టే.

సెట్టు కింది మీటను పల్స్ నుంచి టోన్‌కు మార్చండి. కాలర్ ఐడీ కనిపించకపోతే డబ్బా సెట్టింగులో నంబరు పంపే పద్ధతులైన ఎఫ్ఎస్‌కే, డీటీఎంఎఫ్ రెండూ మార్చి చూడండి. ఫైబర్ మోడెం వెనకే టెల్ పోర్టు ఉండి, ఆ కంపెనీ నంబరే మీదైతే వేరే డబ్బా కొనక్కర్లేదు. కాల్ ట్రాన్స్‌ఫర్ మాత్రం హుక్ తట్టి, నంబరు నొక్కి, రిసీవర్ పెట్టేసి చేయాలి. రోజుకు వంద కాల్స్ మళ్లించే రిసెప్షన్‌లో అది నరకం.

వైఫై డెస్క్ ఫోన్లు తీగ లాగడం కుదరని చోట తప్ప వద్దు. కార్డ్‌లెస్ ఐపీ ఫోన్లు ల్యాబుల్లో, గోదాముల్లో బాగానే ఉంటాయి, రాత్రి చార్జింగ్‌కు పెట్టేవాళ్లుంటే.

ఏది కొన్నా

రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగు ఆఫ్ చేయండి. అది సాయం చేయబోయి ప్యాకెట్లలోని అడ్రసులు చెడగొడుతుంది. ఒకవైపే మాట వినిపించడం, కాల్ సరిగ్గా 32 సెకన్లకు తెగిపోవడం దీని ఆనవాళ్లు. 5060 పోర్టును రౌటర్‌లో బయటికి తెరవకండి, తెరిస్తే అర్ధరాత్రి ‘100’, ‘1001’ లాంటి నంబర్ల నుంచి ఫోన్ మోగుతుంది, ఎత్తితే ఎవరూ ఉండరు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నంబరు నుంచి మొబైల్‌కు చేస్తే ముందు సున్నా కొట్టాలి. మిస్డ్ కాల్ జాబితాలో మాత్రం పది అంకెలే పడతాయి, రీడయల్ నొక్కితే పోదు. పది అంకెలకు ముందు సున్నా చేర్చే డయల్ రూల్‌ను సర్వర్‌లోనో ఫోన్‌లోనో పెట్టించండి.

బిగించిన మనిషిని పంపేముందు రెండు పరీక్షలు చేయించండి. ఫోన్‌ను గంటసేపు ముట్టకుండా వదిలేసి, బయటి మొబైల్ నుంచి కాల్ చేయాలి. తర్వాత మెయిన్ స్విచ్ ఆపి, వెంటనే ఒకసారి, అరగంటకు ఇంకోసారి చేయాలి. మూడుసార్లూ మోగితేనే బిల్లు చెల్లించండి.