బ్రిటన్‌లో ఇంగ్లిష్ కోర్సు: ఆరు నెలల వీసా మేలా, పదకొండు నెలలదా?

కొన్నాళ్లు బ్రిటన్‌లో ఉండి ఇంగ్లిష్ నేర్చుకుని వద్దామనుకునేవాళ్లకి దారులు రెండు. కోర్సు 6 నెలల లోపైతే స్టాండర్డ్ విజిటర్ వీసా. 6 దాటి 11 నెలల దాకా అయితే షార్ట్ టర్మ్ స్టడీ వీసా. ఈ రెండోది పేరుకే షార్ట్ టర్మ్. రెండు నెలల కోర్సుకి అది ఇవ్వరు.

పైకి చూస్తే ఫీజులో తేడా పెద్దగా కనిపించదు. 2025 ఏప్రిల్ రేట్ల ప్రకారం విజిటర్ వీసా 127 పౌండ్లు, షార్ట్ టర్మ్ స్టడీ 214. అసలు బరువు ఆ తర్వాత పడుతుంది. రెండోదానికి హెల్త్ సర్‌చార్జ్ (అక్కడి ప్రభుత్వ వైద్యం వాడుకోవడానికి ముందే కట్టే రుసుము) ఇంకో 776 పౌండ్లు కట్టాలి, అంటే ఆ రేట్ల ప్రకారం మొత్తం 990. ఆరు నెలలు మించి ఉంటారు కాబట్టి ఇక్కడే టీబీ టెస్ట్ కూడా చేయించుకోవాలి, అదీ వాళ్లు ఆమోదించిన క్లినిక్‌లోనే. ఇంతా చేస్తే చదవగలిగేది ఇంగ్లిష్ ఒక్కటే.

విజిటర్ వీసాలో ఆ కట్టుబాటు లేదు. ఇంగ్లిష్ కావచ్చు, ఫొటోగ్రఫీ కావచ్చు, గుర్తింపు ఉన్న సంస్థ అయితే చాలు. అమ్మాయిని చూసిరావడానికి వెళ్లిన తల్లి కూడా పనిలో పనిగా నాలుగు వారాల కోర్సులో చేరొచ్చు. ఒక లోటు మాత్రం ఉంది. సర్‌చార్జ్ కట్టలేదు కాబట్టి ఆస్పత్రిలో చేరాల్సి వస్తే బిల్లు మనదే, అదీ మామూలు ఖర్చుకి ఒకటిన్నర రెట్లు. ట్రావెల్ ఇన్సూరెన్స్ దగ్గర పిసినారితనం వద్దు.

నన్నడిగితే చాలామందికి విజిటర్ వీసానే మేలు. శ్రద్ధ ఉన్నవాడికి ఆరు నెలలు తక్కువేం కాదు. ఆపైన ప్రతి నెలకీ ఫీజుతో పాటు అక్కడి ఇంటి అద్దె కూడా లెక్కేసుకోవాలి. ఇంగ్లిష్ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాల్సినవాళ్లకి, ఉద్యోగానికి ఏడాది సెలవు దొరికినవాళ్లకి 11 నెలలది పనికొస్తుంది.

"ముందు వెళ్లండి, అక్కడ స్టూడెంట్ వీసాకి మార్చుకోవచ్చు" అని చెప్పే ఏజెంట్లుంటారు. కుదరదు. ఈ రెండు వీసాల్లో దేనిమీద వెళ్లినా అక్కడుండి స్టూడెంట్ వీసాకి మారనివ్వరు. కోర్సు అయ్యాక ఇంటికొచ్చి మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాల్సిందే. పార్ట్ టైమ్ పని కూడా రెండింటిలోనూ నిషేధమే. మనసులో ఉన్నది మాస్టర్సే అయితే ఈ రెండూ వద్దు, నేరుగా స్టూడెంట్ వీసాకే వెళ్లాలి. దాని ఫీజు 2025 ఏప్రిల్ రేటు ప్రకారం 524 పౌండ్లు, సర్‌చార్జ్ వేరు, యూనివర్సిటీ ఇచ్చే క్యాస్ (సీటు ఖాయమని చెప్పే పత్రం) ఉండాలి, ఖాతాలో చూపించాల్సిన డబ్బూ ఎక్కువే. కానీ డిగ్రీ స్థాయి కోర్సయితే చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు.

విజిటర్, షార్ట్ టర్మ్ వీసాల్లో ఏది పెట్టినా, తిరిగి వస్తారని ఆఫీసర్‌కి నమ్మకం కలగాలి. బ్యాంక్ స్టేట్‌మెంట్ ఒక్కసారి ఆయన కళ్లతో చూడండి. నెలనెలా నలభై వేలు జీతం పడుతోంది, నెలాఖరుకి రెండు మూడు వేలు మిగులుతున్నాయి. అప్లికేషన్‌కి పది రోజుల ముందు ఉన్నట్టుండి ఎనిమిది లక్షలు జమ! అది నాన్నగారు పొలం అమ్మిన డబ్బే అయినా, కాగితం జతచేయకపోతే అప్పు తెచ్చి చూపించినట్టే కనిపిస్తుంది. సేల్ డీడ్ కాపీ, నాన్నగారి ఖాతా నుంచి బదిలీ అయిన వివరం, ఆయన రాసిచ్చిన ఉత్తరం జతచేయండి. ఉద్యోగం ఉంటే ఆఫీసు నుంచి సెలవు మంజూరు లెటర్ తీసుకోండి, అందులో తిరిగి చేరే తేదీ ఉండాలి.

రెండు వీసాలకీ ప్రయాణానికి 3 నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. జవాబు రావడానికి మామూలుగా 3 వారాలు. తిరస్కరిస్తే సర్‌చార్జ్ వెనక్కి వస్తుంది, వీసా ఫీజు రాదు. కాలేజీకి కట్టిన అడ్వాన్స్ సంగతి ఆ కాలేజీ రీఫండ్ నిబంధనల్లో ఉంటుంది, డబ్బు పంపేముందే చదువుకోండి.