ఉదయగిరి గరిటెల వెబ్‌సైట్: తెలుగు పేరును ఒప్పుకోని ఫారం

నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క గరిటెలకు, చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. వాటిని ఇంటికి పంపే ఒక దుకాణం వెబ్‌సైట్ సంగతి తెలిసి, కావలిలో ఉండే మా మేనత్త తన మనవరాలి కొత్త కాపురానికి డజను గరిటెలు తెప్పించాలనుకున్నారు. వెబ్‌సైట్లు రూపొందించడమే నా వృత్తి కాబట్టి, ఆమె పక్కన కూర్చుని, నోరు మెదపకుండా, ఫోను మీద ఆమె వేలు ఎక్కడెక్కడ ఆగుతున్నదో గమనించాను.

ముందుగా మెచ్చుకోవలసినవి ఉన్నాయి. ప్రతి గరిటెనూ చేత్తో పట్టుకున్న ఫొటో ఒకటి పెట్టారు. పొడవు ఎన్ని అంగుళాలో చదివే పని లేకుండానే, అది పప్పు గరిటెకు సరిపోతుందా, చట్నీ చెంచాయేనా అన్నది చూడగానే తెలిసిపోయింది. పార్సిల్ ఖర్చు చివరి దాకా దాచకుండా ధర పక్కనే చూపారు. ఖాతా తెరవమని, పాస్‌వర్డ్ పెట్టుకోమని ఎక్కడా అడగలేదు. ఇక్కడి దాకా అత్తయ్యకు నా సాయం అవసరం కాలేదు.

బుట్ట పేజీలో మొదటి ఇబ్బంది ఎదురైంది. వరుసల మధ్య ఎడం ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేంతే ఉంచడం వల్ల, కింద వేలాడే మన వత్తులు తెగిపోయాయి. "మొత్తం" అన్నది "మొతం" లాగా, "రద్దు" అన్నది "రదు" లాగా కనబడ్డాయి. తెల్లటి పేజీ మీద లేత బూడిద రంగు అక్షరాలు కావడంతో, వసారాలో వెలుతురుకు ఆమె ఫోనును అరచేత్తో చాటు చేసుకోవలసి వచ్చింది. మామూలు సైజు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా నిష్పత్తి (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలని అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. ఈ రెండూ ఒక పూటలో సరిచేయగలిగిన లోపాలు.

అసలు బాధ చిరునామా ఫారంలో ఉంది. అత్తయ్య తన పేరును తెలుగులో కొట్టారు, ఇంటి చిరునామాను ఒక్క వేలితో ఓపికగా నింపారు, ఫోను నంబరును అందరూ చెప్పుకునే పద్ధతిలోనే అయిదంకెల తరువాత కాస్త ఎడమిచ్చి రాశారు. బటన్ నొక్కగానే ఫారం మొత్తం ఖాళీ అయి, పైన ఎర్రగా ఒక వాక్యం వచ్చింది: "పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలి."

"నాయనా, నేను కొట్టినవి అక్షరాలు కాకపోతే మరేమిటి?" అని ఆమె నన్ను అడిగారు.

ఆ ఫారం రాసినవారు అక్షరాలంటే ఇంగ్లీషు ఎ నుంచి జడ్ వరకే అనుకున్నారు. అన్ని లిపుల అక్షరాలనూ అనుమతించినా మన పని పూర్తిగా తీరదు. అన్ని భాషల లిపులనూ కంప్యూటర్లలో ఒకే తీరుగా నమోదు చేసే ప్రమాణమైన యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తులూ పొల్లూ అక్షరాల కిందికి రావు, వాటిది వేరే వర్గం. "సీతమ్మ" అన్న పేరునే తీసుకుంటే, అందులో నాలుగు అక్షరాలు (స, త, మ, మ), ఈకారం గుర్తు, మ వత్తును కలిపే పొల్లు ఉంటాయి. ఆ రెండు గుర్తులనూ విడిగా అనుమతించకపోతే సీతమ్మ గారికి ఆ దుకాణంలో పేరే ఉండదు. తెలుగులో నడుపుతున్న ఒక దుకాణం, తెలుగు పేరు గల మనిషికి, నీవి అక్షరాలు కావని తెలుగులోనే చెప్పడం నాకు చాలా కష్టంగా తోచింది.

తప్పు ఎక్కడ జరిగిందో, ఎలా దిద్దుకోవాలో మామూలు మాటల్లో చెప్పాలన్నది వాడుకకు సులువైన తెరల రూపకల్పన కోసం ఆ రంగపు నిపుణుడు జేకబ్ నీల్సన్ 1994లో కూర్చిన పది సూత్రాలలో ఒకటి. ఇక్కడ ఆ మాట చెప్పకపోగా, సరిగా నింపిన గడులను కూడా తుడిచేశారు. రెండోసారి అత్తయ్య పేరును ఇంగ్లీషులో నింపితే, ఈసారి ఫోను నంబరు మధ్య ఉన్న ఎడాన్ని తప్పుపట్టి మళ్ళీ అన్నీ చెరిపేసింది. ఆ ఎడాన్ని ప్రోగ్రామే తీసేసుకోవచ్చు. ఒక్క వరుస కోడు చాలు. మూడోసారి ఆమె ఫోను నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయారు.

చివరికి దుకాణానికి ఫోను చేసి ఆర్డరు చెప్పాను. ఎత్తినాయన మర్యాదగా చిరునామా రాసుకున్నారు, గరిటెలు ఆరో రోజున వచ్చాయి, నునుపు, పట్టు అన్నీ బాగున్నాయి. ఫారం సంగతి వివరంగా చెబితే, చేసిచ్చిన అబ్బాయికి చెబుతానన్నారు. ఇది రాసే ముందు మళ్ళీ ప్రయత్నిస్తే ఆ ఎర్ర వాక్యమే వచ్చింది. అందుకని, ఇంట్లో పెద్దవాళ్ళు కొనేటట్టయితే ఫోనులోనే ఆర్డరు చెప్పమనండి. దుకాణం నంబరు అన్ని పేజీల అడుగునా చిన్న అక్షరాల్లో ఉంది.