హన్మకొండల మా ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్ - కొన్నేండ్లు వాడినంక చెప్తున్న

కరోనా తగ్గినప్పటి నుంచి మా ఇంటిల్లిపాదికి ఒకటే క్లినిక్. జనరల్ మెడిసిన్ మేడమ్, ఇద్దరు సిస్టర్లు, ఒక చిన్న డాక్టర్ ఉంటరు.

అంతకుముందు బాపుకు షుగర్‌కు ఒకరు, గుండెకు ఒకరు, మోకాళ్లకు ఇంకొకరు, ఎవరి చిట్టీ వాళ్లదే. బీపీ గోలీ టెల్మిసార్టాన్ ఇద్దరు వేరే వేరే కంపెనీ పేర్లతోటి రాసిన్రు, బాపు రెండూ ఏసుకుంటుండె, లేస్తే కండ్లు తిరిగేటియి, మళ్ల మోకాళ్ల నొప్పికి రోజూ డైక్లోఫెనాక్, అదేమో బీపీ పెంచుతది, కిడ్నీలకు గూడ మంచిది కాదు. మేడమ్ గోలీలన్నీ టేబుల్ మీద పోయించి ఒక్కొక్కటి చూసిన్రు, కిడ్నీలు ఎట్లున్నయో చూసే క్రియాటినిన్ టెస్ట్ చేయించిన్రు, నొప్పి గోలీ బంద్ పెట్టి ఆర్థో సార్‌కు మా ముందల్నే ఫోన్ చేసి మాట్లాడిన్రు. నాకు నమ్మకం కుదిరింది ఆడనే.

అమ్మది ఇంకో కథ. థైరాయిడ్ గోలీ డోసు పెంచుకుంటనే పోయిన్రు, థైరాయిడ్ రక్తపరీక్షల చూసే టీఎస్‌హెచ్ మాత్రం దిగకపాయె. ఏ టైముకు ఏసుకుంటవమ్మా అని మేడమ్ అడిగితే తెలిసింది, పొద్దుగాల థైరాయిడ్‌ది, కాల్షియంది ఒక్కసారే మింగుతుందని. రెండింటికీ నాలుగు గంటల గ్యాప్ ఉండాలెనట. డోసు పెంచకుండ టైము మార్చిన్రు అంతే, రెండు నెల్లకు రిపోర్ట్ మంచిగొచ్చింది. అడిగేటంత ఓపిక ఉన్న డాక్టర్ దొరకుడే మస్తు పెద్ద సంగతి.

పెద్ద డాక్టర్ దగ్గరికి పంపితే ఎందుకు పంపుతున్నరో, ఏం మందులు నడుస్తున్నయో రాసిస్తరు, మనం వాపస్ వచ్చినంక కొత్త మందులు కలిపి మళ్ల ఒకటే లిస్ట్ చేస్తరు. షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ టెస్టుకు మూడు నెల్లకోసారి సిస్టరే ఫోన్ చేస్తది, కండ్లు, పాదాలు ఏడాదికోసారి చూపిస్తరు.

తక్లీఫ్‌లు లేవా అంటే ఉన్నయి. సోమారం పోతే చానాసేపు కూసోవాలె, ఇచ్చిన టైముకు పిలువరు. రాత్రిపూట ఎవ్వరుండరు, ఛాతీల నొప్పి అసొంటిదైతే ఈడికి రాకుండ్రి 108కు ఫోన్ కొట్టి వరంగల్ సర్కారు దవాఖాన ఎంజీఎంకో ఇంకో పెద్ద దవాఖానకో పోండ్రి అని వాళ్లే చెప్తరు, అది నాకు నచ్చింది. పైసలు మన జేబుల నుంచే, ఆరోగ్యశ్రీ 2023 డిసెంబర్‌ల 10 లక్షలు చేసిన్రు గని రోజువారీ గోలీలకు అది పనికిరాదు.

ఇసొంటి క్లినిక్‌కు మొదటిసారి పోయేటోళ్లు ఇంట్ల ఉన్న గోలీలన్నీ కవర్ల ఏస్కొని పోండ్రి, మెడికల్ షాపుల అడిగి తెచ్చుకున్నయి, ఆయుర్వేదం పొడులు గూడ.